భువనగిరిలో పుట్టనివాళ్లు

పోయిన వేసవిలో మా భువనగిరి పాత విద్యార్థులు కొందరు కలిసి ఒక సావనీరు వేద్దామనుకున్నారు. 'భువనగిరి ప్రముఖులు' అని రెండు పేజీలు రాయమని నాకు అప్పజెప్పారు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పుడప్పుడూ పుస్తకాల మీద నాలుగు మాటలు రాస్తుంటానని వాళ్లకు తెలుసు. అందుకే ఈ పని నాకు తగిలింది. రెండు పేజీలే కదా, ఆదివారం కూర్చుంటే అయిపోతుందనుకున్నాను.

అలవాటు ప్రకారం ఎక్సెల్ షీటు తెరిచాను. పేరు, పుట్టిన ఏడాది, పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, చేసిన పని అని ఐదు కాలమ్‌లు పెట్టాను. గుర్తొచ్చిన పేర్లన్నీ ఎక్కించాను. పుస్తకాలు తిరగేశాను, పెద్దవాళ్లను అడిగాను. సాయంత్రానికి జాబితా బాగానే పెరిగింది. చివర్లో 'పుట్టిన ఊరు' కాలమ్ మీద భువనగిరి అని ఫిల్టర్ కొడితే దాదాపు అంతా మాయమైపోయింది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని వరసలు మిగిలాయి.

ముందు నా జాబితాలోనే తప్పుందనుకున్నాను. ఇంకో వారం వెతికాక తప్పు కాలమ్‌లో ఉందని అర్థమైంది. ఈ వ్యాసం ఆ కాలమ్ గురించే.

*

భువనగిరి చూడనివాళ్లు కూడా దాని గుట్టను చూసే ఉంటారు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్తుంటే ఒకే ఒక్క బండ, కోడిగుడ్డును పక్కకు పడుకోబెట్టినట్టు, ఐదు వందల అడుగుల పైన ఎత్తులో కనిపిస్తుంది. దాని మీద కోట. కల్యాణి చాళుక్యుల రాజు ఆరో విక్రమాదిత్యుడు కట్టించాడని చెబుతారు. ఆయన 1076 నుంచి 1126 దాకా ఏలాడు. ఆయనకు త్రిభువనమల్లుడు అని బిరుదు. ఆ బిరుదు మీద గుట్ట త్రిభువనగిరి అయింది. వాడుకలో 'త్రి' రాలిపోయి భువనగిరి అయింది. ఇప్పటి బస్సు బోర్డుల మీద భోంగిర్.

అంటే మా ఊరి పేరులో ఉన్న మొదటి ప్రముఖుడే బయటివాడు. ఆయన రాజధాని కల్యాణి, ఇప్పటి కర్ణాటకలో బసవకల్యాణ్. ఈ రాజు ఆస్థానంలో రెండు పుస్తకాలు పుట్టాయి. రెండూ నా జాబితాకు పనికొచ్చేవే.

మొదటిది 'విక్రమాంకదేవచరితం'. బిల్హణుడు అనే కవి కాశ్మీరం నుంచి ఇంత దూరం వచ్చి, రాజు వంశం గురించి సంస్కృతంలో పద్దెనిమిది సర్గల కావ్యం రాశాడు. పదిహేడు సర్గలు రాజుకిచ్చి, పద్దెనిమిదో సర్గలో తన కాశ్మీరం గురించి, తన ఇంటివాళ్ల గురించి రాసుకున్నాడు. రాజుగారి కుటుంబ చరిత్ర రాయడానికి వచ్చినవాడు చివర్లో తన కుటుంబాన్ని కూడా అందులో కూర్చోబెట్టి పోయాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు బిల్హణుడంటే ఇష్టం.

రెండోది 'మితాక్షర'. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం. కవిత్వంతో సంబంధం లేనివాళ్లక్కూడా ఇది తగులుతుంది, ఎందుకంటే హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తి చట్టానికి దేశంలో చాలా చోట్ల మూలం ఇదే. తాతముత్తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టడంతోనే హక్కు వస్తుందని ఇది చెబుతుంది. తండ్రి చనిపోయేదాకా ఆగనక్కర్లేదు. బెంగాల్లో నడిచిన దాయభాగంలో అలా కాదు, తండ్రి పోయాకే హక్కు. ఇక కూతురికి ఆ పుట్టుక హక్కు రావడానికి మన రాష్ట్రంలో 1986 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

పుట్టుకతో హక్కు. మనం ప్రముఖుల జాబితా తయారుచేసినప్పుడు కూడా ఈ సూత్రమే నడుస్తుందనిపించింది. ఈ ఊళ్లో పుట్టాడా? ఎవరి కొడుకు? ఏ వంశం? ఈ ప్రశ్నలకు జవాబున్నవాడికి చరిత్రలో వాటా దొరుకుతుంది. మిగతావాళ్లు కూలికొచ్చినవాళ్ల లెక్క.

*

నా షీటులో రెండో వరస సర్వాయి పాపన్న. ఈయన కూడా భువనగిరిలో పుట్టలేదు. ఖిలాషాపూర్ కేంద్రంగా ఎదిగినవాడు, గీత కార్మికుల కులంవాడు. 1708లో వరంగల్లు మీద, 1709లో భువనగిరి మీద దాడి చేశాడు. ఔరంగజేబు పోయి రెండేళ్లే అయింది. మొగలుల పట్టు సడలుతున్న కాలం.

పాపన్నకు రెండు చరిత్రలున్నాయి. ఫార్సీలో రాసిన ఖాఫీ ఖాన్ ఆయన్ను దారిదోపిడీ దొంగగా చూపించాడు. తెలంగాణ పల్లెల్లో పాడే కథలో ఆయన వీరుడు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి వెల్చేరు నారాయణరావు, జె.ఎఫ్. రిచర్డ్స్ 1980లో ఒక మంచి వ్యాసం రాశారు. తర్వాత 2005లో రిచర్డ్ ఈటన్ దక్కన్ చరిత్రను ఎనిమిది మంది జీవితాలుగా చెప్పిన పుస్తకంలో పాపన్నకు ఒక అధ్యాయం ఇచ్చాడు.

ఇక్కడ నన్ను ఆపింది పాపన్న కన్నా ఆయన చుట్టూ ఉన్న మనుషులు. పాటలో ఆయన దోస్తుల పేర్లు వరసగా వస్తాయి. అందులో చాకలి ఉన్నాడు, మంగలి ఉన్నాడు, కుమ్మరి, మేదరి ఉన్నారు. తురకలు, దూదేకులవాళ్లు ఉన్నారు. ఊరి చివర బతికే కులాలన్నీ కలిసి ఒక కోట ఎక్కిన జాబితా అది. ఎవరి కొడుకో, ఏ వంశమో అందులో ఉండదు. ఎవరు వెంట వచ్చారు అన్నదే ఉంటుంది.

పాపన్నను మరీ ఎత్తేయడం కూడా నాకు ఇష్టం లేదు. భువనగిరి దాడిలో ధనంతో పాటు మనుషుల్ని కూడా చెరపట్టుకుపోయారు. ఆయన కథ ముగిసింది కూడా ఇంట్లోవాళ్ల వల్లే. ఆయన చెరలో ఉన్న బావమరిదికి ఆయన భార్యే అన్నంలో దాచి ఆకురాళ్లు పంపిందని, వాటితో గొలుసులు కోసుకుని ఖైదీలు తిరగబడ్డారని చరిత్రకారులు రాశారు. 1710 ప్రాంతంలో మొగలులు పాపన్నను చంపించారు. ఫార్సీ పుస్తకంలో దొంగ మిగిలాడు, పాటలో వీరుడు మిగిలాడు. భువనగిరిలో చెరపడ్డ ఆడవాళ్లూ మగవాళ్లూ రెండిట్లోనూ గుంపుగానే మిగిలారు.

ఆ భార్యకు మన జాబితాలో ఏ కాలమ్ ఇవ్వాలి? తమ్ముడి కోసం మొగుడికి ఎదురు తిరిగిన మనిషి ఆమె. 'చేసిన పని' కింద రాయడానికి చాలా ఉంది. పేరు దగ్గరే ఖాళీ.

*

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. భువనగిరి గురించి ఒకే ఒక్క ఏడాది చెప్పమంటే నేను 1944 అంటాను.

నిజాం రాజ్యంలో ఒక సభలో తెలుగులో మాట్లాడబోతే వెక్కిరించారన్న అవమానం నుంచి 1921లో ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. మొదటి సభ 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన. తర్వాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్... ఇలా ఊరూరూ తిరిగి పదకొండో సభ 1944లో భువనగిరికి వచ్చింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి.

ఆయనది భువనగిరి పక్కనే బొల్లేపల్లి. పుట్టింది 1908లో, భూములున్న ఇంట్లో. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదటి జట్టులో జైలుకు పోయినవాడు. హరిజన విద్యార్థులకు హాస్టళ్లు నడిపినవాడు. తర్వాత కమ్యూనిస్టు. తన భూమిని తానే పంచేసినవాడు. మితాక్షర ప్రకారం పుట్టుకతో వచ్చిన హక్కును చేతులారా వదిలేసిన మనిషి అని నాకు నేను చెప్పుకుంటాను.

భువనగిరి సభలో రెండు ముఖ్యమైన పనులు జరిగాయి. ఒకటి, అప్పటిదాకా కలిసి నడిచిన మితవాదులూ వామపక్షం వాళ్లూ విడిపోయారు. ఆ తర్వాతి ఏడాది ఎవరి సభ వాళ్లు పెట్టుకున్నారు. చరిత్ర పుస్తకాలు ఎక్కువగా దీని గురించే రాస్తాయి. రెండోది చూడ్డానికి చిన్నది. సభ్యత్వ రుసుమును ఒక్క అణాకు తగ్గించారు.

రూపాయికి పదహారు అణాలు. అణా అంటే కూలివాడు కూడా ఒక పూట వెనకాముందూ చూసుకుని ఇవ్వగలిగిన డబ్బు. అప్పటిదాకా మహాసభ అంటే వకీళ్లు, పట్వారీలు, చదువుకున్న భూస్వాములు. గ్రంథాలయాలు, తెలుగు బడులు, తీర్మానాలు. అణా పెట్టేసరికి గొల్లవాళ్లు, మాదిగలు, చాకళ్లు, సాలెవాళ్లు సభ్యులైపోయారు. పల్లెల్లో మహాసభ అన్న పేరు పోయి 'సంగం' అయింది. చేతిలో కర్రలు పట్టుకున్నాక 'గుత్పల సంగం' అయింది. రెండేళ్లలో, 1946 జూలై 4న, కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు పడిపోయాడు. అక్కణ్నుంచి సాయుధ పోరాటం కథ అందరికీ తెలిసిందే.

మాది సాలె ఇల్లు. భువనగిరికి పది కిలోమీటర్ల దూరంలో చిన్న పల్లె. వెట్టి అంటే బండ్లు తోలడం, నీళ్లు మోయడం ఒక్కటే అనుకుంటాం గానీ సాలెవాళ్లకూ ఉండేది. దొర ఇంట్లో పనిచేసేవాళ్లకు బట్టలు ఊరికే నేసి ఇవ్వాలి. గీసేవాళ్లు కొన్ని చెట్ల కల్లు దొరకోసం విడిగా ఉంచాలి. ఎవరి కులవృత్తిని బట్టి వాళ్ల వెట్టి.

మా నాయినమ్మ 2013లో పోయింది. అంతకు రెండేళ్ల ముందు, అప్పుడే కొన్న స్మార్ట్‌ఫోన్‌లో సరదాకి ఆమె మాటలు రికార్డు చేశాను. "తాత గురించి చెప్పు నాయినమ్మా" అంటే పెళ్లి గురించి, కరువు గురించి చెప్పి, నడుమ ఈ మాట అంది:

"మీ తాత బోనగిరి సభకు వోయిండు బిడ్డా. నడుసుకుంట వోయి తెల్లారి వచ్చిండు. అణా ఇచ్చి చిట్టీ తెచ్చుకున్నడు. నాకు సూపిచ్చిండు. నాకేమన్న సదువొస్తదా? 'గిండ్ల నా పేరుంది' అన్నడు. గంతే."

అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. వెంటనే బతుకమ్మ పాట ఒకటి పాడమన్నాను. ఇప్పుడు ఆ రికార్డింగు వింటుంటే అక్కడ ఆపి ఇంకో పది ప్రశ్నలు అడగాలనిపిస్తుంది. ఆ చిట్టీ ఇంట్లో లేదు. పోలీసు చర్య తర్వాత సంగం కాగితాలు ఇంట్లో ఉంటే ప్రమాదమని చాలామంది కాల్చేశారు, పూడ్చేశారు. మా తాత కూడా అదే చేసి ఉంటాడు.

కానీ "గిండ్ల నా పేరుంది" అన్న మాట మాత్రం నాతో ఉండిపోయింది. చదువు రాని భార్యకు, తనకూ అంతంతమాత్రమే చదువున్న మనిషి, ఒక కాగితం చూపించి అన్న మాట. అప్పటిదాకా ఆయన పేరు ఉన్న కాగితాలంటే షావుకారు పద్దు, మగ్గం పన్ను లెక్క. అప్పూ పన్నూ కాకుండా తన ఇష్టంతో పేరు రాయించుకున్న మొదటి కాగితం అదేనేమో. ఆ కాగితం దొరికింది భువనగిరిలో.

*

ఆ సభ వల్ల మారిపోయి ఇంటికి వెళ్లినవాళ్లలో సుద్దాల హనుమంతు ఒకరు. పుట్టింది పాలడుగులో, పెరిగి స్థిరపడింది సుద్దాలలో. భువనగిరి సభ చూసొచ్చి తన ఊళ్లో సంగం పెట్టాడు. గొల్లసుద్దులు, ఫకీరు వేషాలు, బుర్రకథ లాంటి జనం కళలన్నిటినీ సంగం పాటకు వాడుకున్నాడు. పశువులు కాసే పిల్లవాడి మీద ఆయన రాసిన పాట 'మా భూమి' సినిమా వల్ల ఆ ఉద్యమం తర్వాతి తరాలకూ చేరింది. ఆయన కొడుకు అశోక్‌తేజ 'ఠాగూర్' సినిమా పాటకు జాతీయ అవార్డు తీసుకున్నాడు. తండ్రీకొడుకుల వారసత్వం అంటే భూమి పంపకాలే గుర్తొచ్చే నేల మీద పాట వారసత్వంగా వచ్చిన ఇల్లు ఇది.

ఆలేరు వైపు వెళ్తే ఆరుట్ల దంపతులు. కొలనుపాకకు చెందిన ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి. ఇద్దరూ దళాల్లో పనిచేశారు, ఇద్దరూ జైళ్లకు పోయారు. కమలాదేవి తర్వాత ఆలేరు నుంచి మూడుసార్లు శాసనసభకు గెలిచింది. భార్యాభర్తల్లో ఎవరి పేరు వెనుక ఎవరి పేరు రాయాలో తేల్చుకోలేని అరుదైన జంట.

రావి నారాయణరెడ్డి 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీ చేస్తే 3,09,162 ఓట్లు వచ్చాయి. అదే ఎన్నికల్లో నెహ్రూకు వచ్చినవి 2,33,571. రెండూ ఇద్దరేసి సభ్యులను ఎన్నుకునే నియోజకవర్గాలే. నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు అని మా దగ్గర ప్రతి పిల్లవాడికీ చెబుతారు. నేనూ చిన్నప్పుడు గర్వంగా చెప్పుకునేవాణ్ని. ఇప్పుడు ఆ అంకెను ఇంకోలా చూస్తాను. అందులో ఒక్కో ఓటు వెనుక ఒక అణా చిట్టీ, ఒక వెట్టి కథ ఉన్నాయి. మూడు లక్షల పైచిలుకు మనుషులు వేసిన ఓట్లు ఒకాయన పేరు మీద మనకు గుర్తున్నాయి.

పోచంపల్లి సంగతి కూడా ఇలాంటిదే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చాడు. నలభై దళిత కుటుంబాలు తమకు ఎనభై ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచాడు. భూదానోద్యమం అలా మొదలైంది. ఇచ్చినాయన పేరు ప్రతి పుస్తకంలో ఉంటుంది, ఉండాలి కూడా. ఎనభై ఎకరాలని లెక్క కట్టి ధైర్యంగా అడిగినవాళ్లు మాత్రం పుస్తకాల్లో 'నలభై కుటుంబాలు'. ఆ రోజు ముందు మాట్లాడింది వాళ్లు. అడగకపోతే ఇచ్చేవాడే లేడు.

*

అయితే మనలాంటి ఇళ్లకు కుటుంబ చరిత్ర లేనే లేదా? ఉంది. కాగితం మీద లేదు.

నాకు ఆరేళ్లప్పుడు మా వాడకట్టుకు కూనపులివాళ్లు వచ్చారు. పద్మశాలీలను అడుక్కుని బతికే కథకులు. రెండు గుంజలకు పొడవాటి పటం కట్టి, రాత్రి లైటు వెలుతురులో ఒక్కో బొమ్మ మీద కర్ర పెట్టి మార్కండేయ పురాణం చెప్పారు. ఎర్రటి రంగు మీద పులి, పులి మీద భావనారుషి. చేర్యాల నకాషీవాళ్లు వేసే పటాలవి. విష్ణుమూర్తి బొడ్డు తామర నుంచి నూలు తీసి దేవతలకు బట్టలు నేసిన కథ అది. దొర నౌకర్లకు ఊరికే బట్టలు నేసిన కులానికి, ఒకప్పుడు దేవతలకే నేశాం మనం అని ఏటా గుర్తుచేసే కథ. కథ అయ్యాక వాళ్లు ఇంటింటి పేరూ గోత్రమూ చెప్పి దీవించారు. మా తాత పేరు, ఆయన తండ్రి పేరు చెప్పారు. ఆ రెండో పేరు ఆ రాత్రి తప్ప నేను ఇంకెక్కడా వినలేదు.

ఇలా మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. గౌడులకు ఏనూటివాళ్లున్నారు. రెడ్లకు పిచ్చకుంట్లవాళ్లు గోత్రాలు చెబుతారు. ఏ ఊళ్లు ఏ కథకుల కుటుంబానివో వాళ్లలో వాళ్లకు పంపకాలుంటాయి. అదీ తాతల నుంచి వచ్చే మిరాశీయే. ఇంకోళ్ల వంశాన్ని నోట్లో మోసుకుని తిరగడం వాళ్ల ఆస్తి. ఊరి నుంచి జనం ఖాళీ అయిపోయాక ఆ ఆస్తికి విలువ పోయింది. కూనపులివాళ్లు మా వాడకట్టుకు రావడం నేను హైస్కూలుకు వచ్చేలోపే ఆగిపోయింది.

జాబితా చేయడమంటే చిన్న పనేం కాదని సురవరం ప్రతాపరెడ్డిని చూస్తే తెలుస్తుంది. తెలంగాణలో కవులు పూజ్యం అని ఒకాయన రాస్తే, సురవరం వాదన పెట్టుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి 354 మంది కవుల్ని పోగుచేసి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశాడు. అన్ని కవితలూ గొప్పవేం కావు. గొప్ప కవితలు ఏరడం ఆ పుస్తకం ఉద్దేశం కూడా కాదు. మేం ఉన్నాం అని చెప్పడం దాని పని. మా తాత "గిండ్ల నా పేరుంది" అన్నదాన్నే ఆ పుస్తకం 354 సార్లు అంటుంది.

*

వచ్చినవాళ్ల సంగతి చెప్పాను, పోయినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా వైపు సాలెవాళ్లు రైలెక్కి షోలాపూర్, భివండి, సూరత్, బొంబాయి పోయారు. గుంట మగ్గం దిగి మర మగ్గం ముందు నిలబడ్డారు. మా తాత తమ్ముడు భివండి పోయాడు. ఆయన మనవలు నాతో ఫోన్‌లో సగం హిందీ, సగం తెలుగు మాట్లాడతారు. వాళ్ల తెలుగు మాత్రం నా తెలుగు కన్నా పాతది. మా నాయినమ్మ మాటలు కొన్ని ఇప్పుడు భువనగిరిలో వినపడవు, భివండిలో వినపడతాయి. వాళ్లను ఏ ఊరి జాబితాలో రాయాలి?

ఉండిపోయినవాళ్లలో చింతకింది మల్లేశం. ఆలేరు మండలం శారాజీపేట. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశాడు. దానికి అమ్మ పేరు పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్న నాకు ఆయన పేరు విన్నప్పుడల్లా కొంచెం సిగ్గేస్తుంది. మా నాయినమ్మ భుజం కూడా నొప్పి పెట్టేది. నేను ఝండూబామ్ రాశాను.

భువనగిరి నుంచి 1967లో, 1972లో శాసనసభకు వెళ్లిన కొండా లక్ష్మణ్ బాపూజీ కూడా ఇక్కడివాడు కాదు. ఎక్కడో ఆసిఫాబాద్ వైపు వాంకిడిలో పుట్టాడు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదులుకున్నాడు. మా వాడకట్టులో ఆయన్ను 'మన బాపూజీ' అనే అంటారు, పుట్టిన ఊరు ఎవరూ అడగరు.

2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్‌కుమార్‌తో కలిసి ఆమె బండ ఎక్కడం మొదట నేర్చుకున్నది మా భువనగిరి గుట్ట మీదే. పాపన్న మనుషులు ఎక్కిన బండే అది. నేను పద్దెనిమిదేళ్లు దాని కిందే పెరిగి, మెట్ల దారిలో తప్ప ఎప్పుడూ ఎక్కలేదు.

ఫిల్టర్ కొట్టాక మిగిలిన కొద్ది వరసల్లో కవి ఎన్. గోపి ఉన్నారు. భువనగిరిలోనే పుట్టినవారు. 'కాలాన్ని నిద్రపోనివ్వను' పుస్తకానికి 2000లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాలుగు పాదాల నానీలకు ఆద్యుడు. ఆయన పరిశోధన చేసింది వేమన మీద. ఊరూ కాలమూ పండితులు తేల్చలేకపోయిన కవి, ఇంటింటా నోటికొచ్చిన కవి వేమన. పుట్టిన ఊరు కాలమ్ ఖాళీగా ఉన్నా కవిత్వానికి ఏమీ కాలేదు.

*

చివరికి సావనీరుకు ఏం రాశానంటే, 'పుట్టిన ఊరు' కాలమ్ తీసేసి 'భువనగిరికి ఎప్పుడు, ఎందుకు వచ్చారు' అని పెట్టాను. దాంతో మాయమైన వరసలన్నీ తిరిగొచ్చాయి. విక్రమాదిత్యుడు, పాపన్న, రావి నారాయణరెడ్డి, హనుమంతు, బాపూజీ, పూర్ణ. ఊరు అంటే పురిటిగది అన్నట్టు లెక్కలు వేస్తే చిన్న ఊళ్లు ఎప్పుడూ పేదగానే కనిపిస్తాయి. సంత, కోర్టు, రైలు స్టేషన్, సభ, గుట్ట, వీటి కోసం వచ్చిపోయిన మనుషుల్ని లెక్కేస్తే భువనగిరి కాదు, ఏ తాలూకా ఊరైనా నిండుగా ఉంటుంది.

సావనీరు పెద్దలకు ఇది అంతగా నచ్చలేదు. "మన ఊరోళ్ల గురించి రాయమంటే ఎవరెవరి గురించో రాసినవేంది?" అని మా సీనియర్ అన్న ఒకాయన ఫోన్ చేశాడు. రావి నారాయణరెడ్డి ఎట్లాగూ ఉండాల్సిందే అన్నాడు. నేను ఆఖర్న చేర్చిన వరస మాత్రం తీసేయమన్నాడు. ఆయన అన్నది న్యాయమే. పేజీలు రెండే, ఆ మనిషి ప్రముఖుడు కాదు. ఒప్పుకున్నాను. సావనీరులోంచి తీసేశాను, నా షీటులో ఉంచుకున్నాను.

వెల్లంకిలో కూరెళ్ల విఠలాచార్య గారు తన ఇంటినే గ్రంథాలయం చేశారు. రెండు లక్షల దాకా పుస్తకాలు. 2024లో పద్మశ్రీ వచ్చింది. సావనీరు అచ్చయ్యాక ఒక కాపీ అక్కడ ఇచ్చి రావాలని ఉంది. దాని చివరి పేజీ మీద, అచ్చులో లేని ఆ ఒక్క వరస చేత్తో రాసి ఇస్తాను. బిల్హణుడు చేసిందే నేనూ చేస్తున్నాను, ఆయన సర్గలో చేశాడు, నేను ఒక లైనులో.

పేరు: మా తాత పేరు. తండ్రి: కూనపులివాళ్లు చెప్పిన ఆ పేరు. పుట్టిన ఏడాది: ఖాళీ. చేసిన పని: నేత. భువనగిరికి ఎప్పుడు, ఎందుకు వచ్చాడు: 1944, అణా ఇచ్చి పేరు రాయించుకోవడానికి.